నాలుగు గంటల నాడి

మా నర్సింగ్ కాలేజీ భద్రాచలం పోయే రోడ్డు మీద, ఊళ్లు అయిపోయి టేకుచెట్లు మొదలయ్యే కాడ ఉంటది. ముందు కాలేజీ, వెనక దవాఖానా, నడుమ హాస్టల్. ఆర్టీసీ బస్సు గేటు ముందే ఆగుతది, డ్రైవర్ మంచోడైతే. నా పేరు ఖుద్సియా. మాది ఇల్లందు. అక్కడ మా అబ్బాకు టైలరింగ్ షాపు ఉంది. నేను భయపడే మనిషిని కాదు, ముందే చెప్తున్నా. హాస్టల్ బాత్రూంలో పాము దూరితే దాని మీద బకెట్ బోర్లించి, బకెట్ మీద కూర్చుని వార్డెన్‌ను పిలిచింది నేనే. కాబట్టి ఇప్పుడు చెప్పేది విని, ఇది పిరికిది, ఏదో ఊహించుకున్నది అనుకోకండి. అట్లనే అనుకుంటామంటే మీ ఇష్టం, నాకేం పోదు.

నిరుడు మా కాలేజీకి కొత్త ల్యాబ్ వచ్చింది. పాత సామాన్ల గది ఖాళీ చేసి, సున్నం కొట్టి, కిటికీలకు నల్ల చార్టులు అతికించి, గోడంత స్క్రీన్ పెట్టిండ్రు. స్క్రీన్ మీద ఒక మంచం, మంచం మీద పసుపుచీర కట్టుకున్న పేషెంటు. పేరు సరోజమ్మ. మైకులో మనం మాట్లాడితే ఆమె జవాబిస్తది. మేము ఆమెను కంప్యూటరమ్మ అనేవాళ్లం. సూది ఎట్ల వెయ్యాలె, కట్టు ఎట్ల కట్టాలె అన్నది కాదు అక్కడ నేర్పేది. పేషెంటు దగ్గర మనిషిలాగ ఎట్ల మసులుకోవాలె అన్నది. పోంగనే నీ పేరు చెప్పినవా, ముట్టుకునే ముందు అడిగినవా, పక్కబెడ్డు వాళ్లకు వినపడకుండా మాట్లాడినవా, చూసిందే చెప్పినవా, చెప్పిందే రాసినవా... అన్నిటికీ కంప్యూటరే మార్కులు వేస్తది.

స్క్రీన్ ముందు టేబుల్ మీద మోచేతి దాకా ఒక రబ్బరు చెయ్యి ఉంటది. దాని వైరు కంప్యూటర్‌లోకి పోతది. మణికట్టు మీద వేళ్లు పెడితే నిజం మనిషికి కొట్టుకున్నట్టే నాడి కొట్టుకుంటది. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తది. ముందు పోయినోళ్లను అడిగి అదే చెప్పేద్దామంటే కుదరదు.

మొదట్లో మస్తు నవ్వుకున్నం. సరోజమ్మ హైదరాబాద్ టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడేది. "సిస్టర్, దయచేసి నా పరిస్థితిని వివరించగలరా?" అని అడిగేది. మా వార్డులో ఇన్నేళ్లలో ఒక్క పేషెంటు గట్ల అడిగిన పాపాన పోలేదు. మావాళ్లు అడిగేది రెండే రెండు. సూది ఏస్తవా? ఇంటికి ఎప్పుడు పంపుతవ్?

ఈ క్లాసు చెప్పేది సాహిత్య మేడం. ఖమ్మం ఆమె. కోపం తక్కువ, పట్టింపు ఎక్కువ. నాడి అర నిమిషం చూసి రెండుతో గుణిస్తే ఒప్పుకోదు. నిమిషం అంటే నిమిషమే. "అర నిమిషం మిగుల్చుకుని ఏం కట్టుకపోతవే?" అంటది. ఆ మేడం క్లాసులో ఎప్పుడూ నాకే ఎక్కువ మార్కులు. నాలుగు తీపిమాటలు మాట్లాడి మిషన్‌ను మెప్పించడం నాకు కష్టం కాదు, నేను షాపులో గిరాకీలతో మాట్లాడుతూ పెరిగిన.

ఇక వనజ సంగతి చెప్పాలె. అది చెప్పకపోతే మిగిలింది మీకు అర్థం కాదు.

వనజ నా రూమ్మేట్. ములకలపల్లి దాటి అడవిలోపలికి పోతే వాళ్ల ఊరు. ఆ ఊరి నుంచి నర్సు చదువుకు వచ్చిన మొదటి పిల్ల. వాళ్ల నాయన పగిడయ్య ఎండకాలం తునికాకు కోస్తడు, మిగతా రోజులు కూలికి పోతడు. ఊర్ల ఎవరికి జ్వరం వచ్చినా "మా వనజ వస్తది, రెండేండ్లు ఆగుండ్రి" అంటడంట. అది చెప్పి వనజ సిగ్గుపడుకుంట నవ్వేది.

మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం మా ఇద్దరికీ ఆడవాళ్ల వార్డులో డ్యూటీ. వనజకు నాలుగు బెడ్లు, నాకు నాలుగు. మూడున్నరకు పగిడయ్య మామిడిపండ్ల సంచి పట్టుకుని గేటు కాడికి వచ్చిండు. ఆయన ఎక్కాల్సిన బస్సు ఇంకో గంటకు.

"నాలుగు గంటల నాడి నా బెడ్లకు కూడా జర చూడవే," అని చెప్పి వనజ ఉరికింది. డ్యూటీలో వార్డు విడిచి పోవద్దు, అయినా అందరం పోతం. ఒకరి బదులు ఒకరం రాసి, వాళ్ల పొట్టి సంతకం గీకడం మాకు మామూలే. స్నేహమంటే అదే అనుకున్నం.

నేను బెడ్ల కాడికి పోలేదు. ఇది ఇట్లనే చెప్పాలె, తిప్పి చెప్తే లాభం లేదు. వార్డుబాయ్ బలరాం వేడివేడి మిరపకాయ బజ్జీలు తెచ్చిండు. నేను కుర్చీలో కూర్చుని, నూనె చేతిని పేపర్‌కు తుడుచుకుని, రెండింటికి రాసిన లెక్కలు చూసి నాలుగు గంటలవి రాసిన. ఒకటి పెంచి, ఒకటి తగ్గించి. అందరం చేసేదే. పదకొండో బెడ్డు ముసలామెకు నాడి డెబ్బై ఎనిమిది అని రాసి వనజ సంతకం పెట్టిన.

ఆ ముసలామె పేరు భీమక్క. వనజ వాళ్ల దిక్కు ఊరే. ఆయాసంతో వచ్చింది, పక్కన ఎవరూ లేరు. మణికట్టు చుట్టూ చుక్కలు చుక్కలుగా పచ్చబొట్టు. ఒంటి నుంచి కట్టెలపొయ్యి పొగవాసన, ఇప్పనూనె వాసన వచ్చేది. ఎవరు నాడి చూసినా "ఏమంటున్నది బిడ్డా నా చెయ్యి?" అని అడిగేది.

ఐదింటికి డాక్టర్ వచ్చి చూసేసరికి ఆమె లేదు. ఒళ్లు చల్లబడింది. పోయి గంట దాటింది, నాలుగు కొట్టకముందే పోయింది అన్నడు. పక్కబెడ్డు ఆమె ఏడ్చుకుంట చెప్పింది, భీమక్క చెయ్యి లేపి పిలిచింది, ఎవరూ రాలేదు, చేతిని అట్లనే పైకి పట్టుకుని పట్టుకుని దించేసింది అని. మరి కేసుషీటులో నాలుగు గంటలకు నాడి డెబ్బై ఎనిమిది ఎట్ల ఉన్నది? అప్పటికే చచ్చిపోయిన మనిషికి?

సంతకం వనజది. అది నా ముఖం చూసింది.

"చూసినవా నువ్వు?" అని గుసగుసగా అడిగింది.

"చూసిన. ఒట్టు. నాడి దొరికింది," అన్న.

అది నన్ను నమ్మింది. అడిగినోళ్లందరికీ "నా సంతకమే" అని చెప్పింది, నా పేరు తియ్యలేదు. దాన్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపిండ్రు. కాలేజీలోంచి పేరు కొట్టెయ్యాల్నా వద్దా అని కమిటీ పెట్టిండ్రు. నేను రోజూ రేపు చెప్తా అనుకున్న. అట్ల అనుకుంటనే ఆగస్టు వచ్చింది.

కమిటీ ఆఖరి మీటింగ్ రేపనంగా, ఇవాళ మాకు సరోజమ్మతో ఫైనల్ పరీక్ష. వారం నుంచి ఒకటే వాన. భద్రాచలం కాడ గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది, రేపటి నుంచి బస్సులు ఉండవన్నరు. పట్టపగలే వరండాలో లైట్లు వేసిండ్రు. అడవి దిక్కు నుంచి కుళ్లిన ఆకుల వాసన వస్తుండె. సాహిత్య మేడం ఒక్కొక్కరిని పిలిచి లోపలికి పంపుతున్నది. గదికి ఒకవైపు అద్దం ఉంటది, దాని వెనక చిన్న రూములో మేడం కూర్చుని చూస్తది. మేడంకు మనం కనపడతం, మనకు మేడం కనపడదు. దేవ్లా అనే మా క్లాసు పిల్లకు నాడి తొంభై రెండు వచ్చిందంట. దాని తర్వాత పోయినామెకు అరవై నాలుగు.

మూడు గంటల యాభై నిమిషాలకు నన్ను పిలిచిండ్రు.

లోపలికి పోయి తలుపు వేసిన. ఏసీ సన్నగా మోగుతున్నది. పైన రేకుల మీద వాన. స్క్రీన్ మీద సరోజమ్మ పసుపుచీరలో నవ్వుతున్నది. నేను గొంతు సవరించుకుని, "నమస్తే అమ్మా. నా పేరు ఖుద్సియా, నర్సింగ్ స్టూడెంట్‌ని. మీ నాడి చూడడానికి వచ్చిన. చూడమంటారా?" అని తియ్యగా అడిగిన.

సరోజమ్మ జవాబివ్వలేదు. నవ్వు అట్లనే ఉంది. రెప్ప కొట్టినంతసేపు స్క్రీన్ నల్లబడింది. మళ్లీ వెలిగింది.

మంచం ఉంది. సరోజమ్మ లేదు. ఆ మంచం కూడా ఇందాకటిది కాదు... ఇనుప మంచం, తలకాడ పచ్చపెయింట్ లేచిపోయింది. వెనక గోడ మీద చెమ్మ మరక. ఆ మరక నాకు తెలుసు. మా ఆడవాళ్ల వార్డు గోడది అది. మంచం మీద ఎవరో అటు తిరిగి పడుకుని ఉన్నరు. దుప్పటి మెడ దాకా ఉంది. నెరిసిన కొప్పు ఒక్కటే కనపడుతున్నది.

కొత్త కేసు పెట్టిండ్రేమో అనుకున్న. మన దగ్గరి మనుషులను పెట్టాలని మేడం ఎప్పటి నుంచో అంటున్నది. వార్డును ఫోటో తీసి ఎక్కించి ఉంటరు. గట్ల అనుకుని నన్ను నేను తమాయించుకున్న.

"అవ్వా, నాడి చూస్తా," అన్న.

అప్పుడు వాసన వచ్చింది.

కట్టెల పొగ. ఇప్పనూనె. నల్ల చార్టులు అతికించిన ఏసీ గదిలో, ఫినాయిల్ వాసన మీదికెళ్లి, మెల్లగా... నా వెనక నుంచి వచ్చి నా పక్కన ఆగింది.

"చూస్తవా?" అన్నది గొంతు.

స్పీకర్లు పైన గోడకు ఉంటయి. ఆ గొంతు పై నుంచి రాలేదు. టేబుల్ కాడ నుంచి వచ్చింది.

యా అల్లా.  అద్దం దిక్కు చూసిన. అద్దంలో నేనే ఉన్న. బయటికి ఉరుకుదామనుకున్న, నిజం. కానీ పరీక్షలో మధ్యలో లేచిపోతే సున్నా. అంత భయంలో కూడా నాకు మార్కులే గుర్తొచ్చినయి చూడుండ్రి. టేబుల్ ముందు కూర్చుని రబ్బరు చెయ్యి మీద మూడు వేళ్లు పెట్టిన.

చల్లగా ఉంది. రబ్బరు ఎప్పుడూ చల్లగనే ఉంటది అనుకున్న. కానీ మెత్తగా కూడా ఉంది... ముడతలు వేళ్లకు తగులుతున్నయి. కిందికి చూసిన. ఆ చెయ్యి తెల్లోళ్ల రంగులో ఉండాలె. మణికట్టు చుట్టూ పచ్చగా చుక్కలు ఉన్నయి. వరుసగా... చుట్టూ...

నాడి లేదు.

గట్టిగా నొక్కిన. లేదు. పక్కకు జరిపి చూసిన. లేదు. నా వేళ్లలో నా నాడే దడదడ కొట్టుకుంటున్నది, దాని కింద ఏమీ లేదు.

"ఎంత ఉన్నది బిడ్డా?"

సున్నా అని చెప్పాలె. దొరకలేదు అవ్వా, మేడంను పిలుస్తా అని చెప్పాలె. మూడేండ్లు చదివింది అదే. కానీ నా నోరు నన్ను అడగకుండనే తెరుచుకున్నది.

"డెబ్బై ఎనిమిది," అన్న.

స్క్రీన్ మూలకు పచ్చరంగులో అక్షరాలు వచ్చినయి. నాడి 78. సరైనది.

"మంచిగున్నదా?"

"మంచిగుంది అవ్వా."

"అయితే మళ్ల చూడు."

వేళ్లు తీద్దామనుకున్న. రావట్లేదు. ఎవరూ పట్టుకోలేదు, అయినా రావట్లేదు. రేకుల మీద వాన ఆగిపోయింది. ఏసీ మోత కూడా లేదు. ఎదురుగ గోడ గడియారం ఒక్కటే కొట్టుకుంటున్నది. మళ్లీ లెక్కపెట్టిన. లెక్కపెట్టడానికి ఏముంది అక్కడ... ఖాళీ. ఖాళీ. ఖాళీ.

"ఎంత?"

"డెబ్బై... ఎనిమిది."

"మళ్ల చూడు."

మంచం మీది కొప్పు కదిలింది. ఆమె ఇటు తిరుగుతున్నది. మెల్లగా... దుప్పటి కింద భుజం లేచింది... దిగింది... ఇంకొంచెం తిరిగింది.

"మేడం!" అని అరిచిన. నా అరుపు నాకే వినపడలేదు.

గడియారంలో నాలుగైంది.

"తిరగకు అవ్వా!" అని ఏడుస్తూ అన్న. "తిరగకు. నేను చూడలేదు. ఆ రోజు నేను నీ దగ్గరికి రాలేదు. ఊరికే రాసిన."

తిరగడం ఆగింది.

అవ్వ అడిగింది. "ఎందుకు రాలే?"

ఏం చెప్పాలె? పని ఎక్కువుండె అని చెప్పొచ్చు. ఎమర్జెన్సీ వచ్చింది అని చెప్పొచ్చు. అవి కూడా నాలుక చివరికి వచ్చినయి, సిగ్గులేని నాలుక ఇది.

"బజ్జీలు తింటున్న," అన్న.

ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నగా వినపడిందో నాకు తెలుసు. ఎనిమిది అడుగుల దూరం. ఎనిమిది అడుగులు నడవలేకపోయిన.

"నేను చెయ్యి లేపిన," అన్నది. కోపం లేదు ఆ గొంతులో. సూది ఎప్పుడేస్తవ్ అని అడిగినట్టే ఉంది.

"నన్ను మాఫ్ చెయ్యి అవ్వా. వనజ తప్పు లేదు. దానికేం తెల్వదు. సంతకం కూడా నేనే పెట్టిన, అది గేటు కాడ ఉన్నది. మొత్తం నేనే..."

"నాకెందుకు చెప్తున్నవ్?" అన్నది. "నాకు తెల్వదా?"

అంతే. వాన మోత ఒక్కసారిగా చెవుల మీద పడ్డది. నా వేళ్ల కింద రబ్బరు. ఒట్టి గులాబిరంగు రబ్బరు. స్క్రీన్ మీద సరోజమ్మ పసుపుచీర సర్దుకుని, "ధన్యవాదాలు సిస్టర్. మీ సేవ నాకు ఎంతో తృప్తినిచ్చింది," అన్నది.

బయటికి ఎట్ల వచ్చిన్నో తెల్వదు.  పక్క రూములోంచి సాహిత్య మేడం నవ్వుకుంట వచ్చి నా భుజం తట్టింది.

"వందకు వంద! ఈ ల్యాబ్ పెట్టినంక ఇదే మొదటిసారి. రావే, చూపిస్త."

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రికార్డింగ్ పెట్టింది. అందులో సరోజమ్మ ఉంది, నేను ఉన్న. నమస్తే చెప్పిన, పేరు చెప్పిన, అడిగి చెయ్యి పట్టుకున్న. డెబ్బై ఎనిమిది అన్న. సరోజమ్మ థాంక్స్ చెప్పింది. అయిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. అరుపు లేదు. ఏడుపు లేదు. వనజ పేరు లేదు. నా చెంపల మీద కన్నీళ్లు ఇంకా తడిగనే ఉన్నయి, రికార్డింగ్‌లో నేను నవ్వుతున్న.

"మేడం, నాకు నాడి ఎంత పెట్టిండ్రు?" అని అడిగిన.

"అది కంప్యూటరే పెట్టుకుంటది. నీకు డెబ్బై ఎనిమిది వచ్చింది. నువ్వు కరెక్ట్ చెప్పినవ్," అన్నది. తర్వాత టేబుల్ మీది ఫైలు ఒకటి సర్ది పక్కకు పెట్టింది. ఫైలు మీద వనజ పేరు. మేడం ముఖం చిన్నబోయింది. "ఇట్లుండాలె నర్సంటే. ఆ పిల్ల కూడా నీలాగ ఉంటే ఇయ్యాల ఈ గతి పట్టకపోవు. రేపు పేరు కొట్టేస్తరు. నేను చెప్పి చూసిన, వినేటట్టు లేరు."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్న. ఇప్పుడు నాకు అంతా అనుకూలమే. చెప్పింది ఎవరూ వినలేదు. రికార్డు కాలేదు. వందకు వంద నా పేరు మీద ఉంది. నోరు మూసుకుని హాస్టల్‌కు పోతే రేపు మధ్యాహ్నానికి ఆ ఫైలు బీరువాలోకి పోతది, బస్సులు బందైతయి, వనజ ఊర్లనే ఉండిపోతది. చచ్చిపోయినామెకు చెప్పిన మాట, ఎదురుగ బతికున్న మనిషికి చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.  మేడం స్టీలు గ్లాసులో నీళ్లిచ్చింది. తాగిన.

"మేడం, ఆ నాలుగు గంటల నాడి నేను రాసిన," అన్న.

"ఏ నాడి?"

"భీమక్కది. వనజ వార్డులో లేకుండె. నేనే రాసిన, దాని సంతకం నేనే పెట్టిన. ఆమె దగ్గరికి పోనే లేదు మేడం."

 తిడుతదనుకున్న, కొడుతదనుకున్న. సాహిత్య మేడం సొరుగులోంచి తెల్లకాయితం తీసి నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

"రాయి. తేదీ, గంట, బెడ్డు నంబరు," అన్నది. "జరిగిందే రాయి."

మర్నాడు వనజ పేరు కొట్టెయ్యలేదు. డ్యూటీ విడిచి గేటు కాడికి పోయినందుకు పదిహేను రోజుల శిక్ష వేసి వదిలిండ్రు. నన్ను ఏడాది సస్పెండ్ చేసిండ్రు. నేను సామాన్లు సర్దుకునే రోజున వనజ రూముకు వచ్చింది, వాన వెలిసినంక మొదటి బస్సుకు. సన్నబడ్డది. నేను లేచి దాని చెయ్యి పట్టుకోబోయిన. వెనక్కి తీసుకున్నది.

"ఒట్టేసినవ్ కదనే," అన్నది. "మా నాయన మూడు నెలలు ఎవరికీ ముఖం చూపించలే. నేను నీ ఒట్టు నమ్ముకుని, నాడి దొరికిన మనిషి గంటలో ఎట్ల చచ్చిపోయిందా అని రోజూ ఆలోచించిన. నేనే ఏదో మందు తప్పిచ్చిన్నేమో అనుకున్న."

  అది మంచం మీద కూర్చుని గోడ దిక్కు చూస్తుంటే, నేను సంచి భుజానికి వేసుకుని వచ్చేసిన.

ఇప్పుడు ఇల్లందులో అబ్బా షాపులో కాజాలు కుడుతున్న, హుక్కులు కుడుతున్న. అబ్బా రెండు రోజులు మాట్లాడలేదు, మూడోరోజు "కుట్టు తప్పు పడితే విప్పి కుట్టాలె బేటీ, దాచితే గిరాకీ ఒంటి మీద విప్పుకుంటది" అని ఒక్కమాట అని ఊకున్నడు. ఆ మూడోరోజే అది మొదలైంది.

పగలు. షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నయి, రోడ్డు మీద జనం. నేను బ్లౌజుకు హుక్కు కుడుతుంటే ఎడమ మణికట్టు మీద మూడు వేళ్లు పడ్డయి. చల్లగా. ముందు మెల్లగా తడిమి, నాడి దొరికే చోటు చూసుకుని, అక్కడ ఆగినయి. సూది నా చేతిలోంచి జారింది. గోడ గడియారం చూసిన. నాలుగు. ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఉండి, వేళ్లు లేచిపోయినయి. అర నిమిషం చూసి రెండుతో గుణించలేదు.

అప్పటి నుంచి రోజూ. ఒక్కరోజు నాగా లేదు. నేను బజారులో ఉన్నా, బస్సులో ఉన్నా, వంటింట్లో ఉన్నా సరే. అమ్మీకి చెప్తే దర్గాకు తీసుకపోయి మణికట్టుకు తాయెత్తు కట్టించింది. ఆ రోజు నాలుగింటికి ఆ వేళ్లు తాయెత్తును కొంచెం పైకి జరిపి, దాని కింద నాడి చూసినయి. చూసినంక మళ్లీ కిందికి సర్దినయి.

నిజం చెప్తే, నాకు అలవాటైంది. మూడు యాభై ఐదుకు పని పక్కకు పెట్టి, చెయ్యి ఒళ్లో చాపుకుని కూర్చుంటున్న. ఒకరోజు ధైర్యం చేసి గుసగుసగా అడిగిన కూడా, "ఏమంటున్నది అవ్వా నా చెయ్యి?" అని. వేళ్లు ఎప్పటిలాగనే నిమిషం ఉండి లేచినయి.

నిన్న కూడా ఆ వేళ్లు వచ్చినయి. నిమిషం అయింది. వేళ్లు లేవలేదు. కొంచెం గట్టిగా నొక్కినయి. కిందికి జరిగి వెతికినయి, మళ్లీ పైకి వచ్చినయి... ముల్లు రెండో చుట్టు తిరిగింది. నాడి సరిగ్గా ఉన్న మనిషికి మేము రెండోసారి లెక్కపెట్టం. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న. మూడో చుట్టు కూడా అయింది. అప్పుడు ఆ చెయ్యి నా చేతిని ఒళ్లోంచి మెల్లగా లేపి, నా ఛాతి మీద పెట్టింది. తర్వాత నా రెండో చెయ్యిని కూడా తెచ్చి దాని మీద పెట్టి, నా కండ్ల మీద అరచెయ్యి ఆనించి, వార్డులో పోయినోళ్లకు మేము మూసినట్టే కిందికి దించింది.